వంద వరకు గడగడా చెబుతారు, ఆరు చెంచాలు తెమ్మంటే తడబడతారు: వంటింటి లెక్కల సంగతేంటి? అంగన్‌వాడీలో ఏం నేర్పాలి?

మా పాపకు నాలుగేళ్లు. ప్లేస్కూల్ యాప్‌లో నెలనెలా రిపోర్ట్ వస్తుంది. పోయిన నెల రిపోర్ట్‌లో ‘1 నుంచి 100 వరకు చెప్పగలదు’ అని రాసి పక్కన స్టార్ పెట్టారు. ఆ ఆదివారమే ఇంటికి చుట్టాలు వచ్చారు. భోజనాలకు కూర్చోబోతూ ‘ఆరు చెంచాలు తీసుకురామ్మా’ అన్నాను. వెళ్లి రెండు గుప్పెళ్ల నిండా పట్టుకొచ్చింది. ‘ఇవి ఆరేనా?’ అని అడిగితే ‘వన్, టూ, త్రీ...’ అంటూ మొదలుపెట్టి, ఒకే చెంచాను రెండుసార్లు లెక్కపెట్టి, ఇంకొకదాన్ని వదిలేసి, పద్నాలుగు దాకా వెళ్లి, చివరికి ‘ఆరే!’ అంది గర్వంగా.

చుట్టాలు నవ్వేశారు. నాకు మాత్రం కాస్త గుబులేసింది. ఏడాదికి వేలకు వేలు ఫీజు కడుతున్నాం, వంద దాకా వచ్చిన పిల్లకు ఆరు ఎందుకు రావడం లేదు?

తప్పు పాపది కాదు. చాలావరకు స్కూలుది కూడా కాదు. నాలుగేళ్ల పిల్లల్లో ఇది చాలా మామూలు విషయమని పిల్లల మనస్తత్వంపై దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. దీన్ని సరిచేసే పని మన వంటింట్లో రోజూ జరుగుతూనే ఉంటుంది. మన వీధిలోని అంగన్‌వాడీ కేంద్రం కూడా చేయాల్సిన పని ఇదే. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

అంకెలు చెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు

‘ఒకటి, రెండు, మూడు...’ అని వరసగా చెప్పడం పాట లాంటిది. ‘చందమామ రావే’ ఎలా కంఠతా వస్తుందో అదీ అలాగే వస్తుంది. లెక్కపెట్టడం అంతకన్నా చాలా పెద్ద పని.

అమెరికా పరిశోధకులు రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో ప్రచురించిన పుస్తకంలో, లెక్కపెట్టడం వెనుక ఐదు సూత్రాలు ఉంటాయని వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్క అంకే చెప్పాలి. అంకెల వరస ఎప్పుడూ మారకూడదు. చివరగా చెప్పిన అంకే మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఏ వస్తువునైనా, కంటికి కనిపించని వాటినైనా లెక్కపెట్టవచ్చు. ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్లకు ఇవన్నీ ఎంత మామూలంటే, వీటిని ఎప్పుడో నేర్చుకున్నామన్న సంగతే గుర్తుండదు.

వీటిలో పిల్లలకు బాగా కష్టమైనది మూడోది. ‘ఎన్ని ఉన్నాయి?’ అని అడగండి. ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని చక్కగా చెబుతారు. ‘అయితే మొత్తం ఎన్ని?’ అని మళ్లీ అడిగితే జవాబు చెప్పకుండా మొదటినుంచి లెక్కపెడతారు. చివరి ‘నాలుగు’ అంటే ఆ నాలుగో వస్తువు పేరు మాత్రమే కాదని, మొత్తం గుంపుకు వర్తించే మాట అని ఇంకా తెలియకపోవడమే ఇందుకు కారణం.

దీన్ని పరీక్షించడానికి పరిశోధకులు వాడే పద్ధతి కూడా మా ఆదివారం భోజనం లాంటిదే. ‘నాకు మూడు ఇవ్వు’, ‘ఐదు ఇవ్వు’ అని బొమ్మలు అడుగుతారు. కారెన్ విన్ 1990ల తొలినాళ్లలో ఇలా పరీక్షించినప్పుడు ఒక క్రమం కనిపించింది. పిల్లలకు ముందు ‘ఒకటి’ అర్థమవుతుంది. కొన్ని నెలలకు ‘రెండు’, ఆ తర్వాత ‘మూడు’. అక్కడి నుంచి ఒక్కసారిగా విషయం వెలిగి, ఎన్ని అడిగినా లెక్కపెట్టి ఇవ్వగలుగుతారు. ఈ ప్రయాణానికి ఏడాది, అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. కొందరికి మూడున్నరేళ్లకు వస్తుంది, కొందరికి నాలుగు దాటాక.

అందుకే రిపోర్ట్ కార్డులోని ‘100 వరకు’ కన్నా ‘ఆరు చెంచాలు’ నిజమైన పరీక్ష. ఇంట్లో ఈరోజే ప్రయత్నించవచ్చు. రాకపోతే కంగారుపడి కోచింగ్ పెట్టించకండి.

వంటింట్లోనే ఎందుకు?

వర్క్‌షీట్‌లో ఐదు ఆపిల్ బొమ్మలుంటాయి. అవి ఐదైనా, నాలుగైనా పిల్లలకు పోయేదేమీ లేదు. నలుగురికి మూడే గారెలు పెట్టారనుకోండి, ఒకరికి తక్కువైందని ఆ ఒక్కరు వెంటనే చెబుతారు. తిండి దగ్గర లెక్కకు అవసరం ఉంది, తప్పైతే అక్కడికక్కడే తెలుస్తుంది.

రెండో కారణం, పెద్దవాళ్ల మాట. షికాగోలో సుసాన్ లెవిన్ బృందం చిన్న పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రుల మాటలను రికార్డు చేసింది. పిల్లలకు ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో ఇంట్లో అంకెల మాటలు ఎంత ఎక్కువగా వినిపిస్తే, నాలుగేళ్లు వచ్చేసరికి అంకెల అర్థం అంత బాగా తెలిసిందని 2010లో ప్రచురించింది. ఆ తర్వాతి విశ్లేషణలో ఇంకో విషయం తేలింది. ఊరికే అంకెలు వల్లించడం కన్నా, ఎదురుగా కనిపించే వస్తువులను లెక్కపెడుతూ మాట్లాడటం, అందులోనూ నాలుగు నుంచి పది వరకు ఉన్న వాటిని లెక్కపెట్టడం ఎక్కువ ఉపయోగపడింది. మూడు దాకా కంటితో చూసి చెప్పేయవచ్చు. నాలుగు దాటితేనే లెక్కపెట్టాల్సిన అవసరం వస్తుంది.

ఎదురుగా కనిపించే నాలుగు నుంచి పది వస్తువులు. వంటింట్లో వీటికి కొదవేముంది?

కంచాలు, కూతలు, కోడిగుడ్ల అట్ట

అన్నిటికన్నా తేలికైనది కంచాలు పెట్టడం. మనిషికొక కంచం, కంచానికొక గ్లాసు. ఇక్కడ అంకెలు రాకపోయినా ఫర్వాలేదు. ఒకదానికి ఒకటి జత చేయడమే లెక్కకు పునాది. ‘నాన్న రాలేదు కదా, ఇప్పుడెన్ని కంచాలు?’ అంటే అది తీసివేత. ఆ పేరు ఇప్పుడే చెప్పనక్కర్లేదు.

ప్రెషర్ కుక్కర్ అయితే ఉచితంగా దొరికే గణిత పరికరం. ‘మూడు కూతలు రాగానే చెప్పు, కట్టేస్తాను’ అని పిల్లలకు బాధ్యత అప్పగించండి. కూత కంటికి కనిపించదు, చేతికి దొరకదు. వచ్చి పోయిన దాన్ని మనసులో ఉంచుకుని, తర్వాతిదాని కోసం ఎదురుచూడాలి. కనిపించని వాటినీ లెక్కపెట్టవచ్చన్న సూత్రానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తోచలేదు. మొదటి రెండు మూడు రోజులు పప్పు మాడే అవకాశం ఉంది. మీరూ ఒక చెవి అటు వేసి ఉంచండి.

కోడిగుడ్ల అట్టను పారేయకండి. మామూలు అట్టలో వరసకు ఐదు చొప్పున ఆరు వరసలు, మొత్తం 30 గుంటలుంటాయి. రెండు వరసలు కత్తిరిస్తే పది గుంటల పలక తయారవుతుంది. అందులో చింతగింజలో, పెద్ద శనగలో ఒక్కొక్కటి వేయించండి. ఏడు వేస్తే ఒక వరస నిండి, రెండో వరసలో రెండు ఉంటాయి, మూడు ఖాళీగా కనిపిస్తాయి. ఏడు అంటే ఐదూ రెండూ అని, పదికి మూడు తక్కువ అని కంటికే తెలుస్తుంది. బడుల్లో ఇలాంటి పది గళ్ల పలకలను కొని మరీ వాడతారు.

ఇడ్లీ రేకులోనూ ఇదే లెక్క. ఇంట్లోది నాలుగు గుంటల రేకైతే ఒక రేకుకు నాలుగు, రెండు రేకులకు ఎనిమిది. పిండి కలిపేటప్పుడు ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. ‘ఇవాళ పప్పు రెండు గ్లాసులు పోశాం, మరి రవ్వ?’ అన్న ప్రశ్న ఐదేళ్లు నిండిన పిల్లలకు సరిపోతుంది. వెంటనే జవాబు రాకపోతే గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

పాల గ్లాసు దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులో పోసిన పాలే ఎక్కువని నాలుగేళ్ల పిల్లలు గట్టిగా వాదిస్తారు. అదే పాలను వెడల్పాటి గిన్నెలోకి ఒంపితే తగ్గిపోయాయని ఏడుస్తారు. అది మొండితనం కాదు. ఈ వయసు పిల్లలు ఎత్తునే చూస్తారని, వెడల్పును కలిపి ఆలోచించలేరని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చాలాకాలం క్రితమే చూపించారు. మనం ‘రెండూ ఒకటేరా’ అని పదిసార్లు చెప్పినా నమ్మరు. వాళ్ల చేతే అటూ ఇటూ ఒంపిస్తూ ఉంటే ఏదో ఒక రోజు వాళ్లకే తెలుస్తుంది.

తెలుగులోనే దాగి ఉన్న లెక్కలు

ఇంగ్లిష్ మీడియం ఇళ్లలో పిల్లలకు అంకెలు ఇంగ్లిష్‌లోనే నేర్పుతున్నాం. తప్పేమీ కాదు. కానీ వంటింట్లో మాట్లాడే తెలుగులో లెక్కలకు పనికొచ్చే సామగ్రి ఎంత ఉందో ఒకసారి చూడండి.

పది దాటాక ఇంగ్లిష్‌లో ‘ఎలెవన్’, ‘ట్వెల్వ్’ అంటారు. వాటిలో ‘టెన్’ ఎక్కడుందో పిల్లలకు వినిపించదు. తెలుగులో పదమూడు, పద్నాలుగు, పదహారు అంటుంటే ‘పది’ చెవిన పడుతూనే ఉంటుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని సూటిగా నడుస్తుంది. పది ఆధారంగా అంకెల పేర్లు ఇలా స్పష్టంగా ఉండే చైనా భాషలో పిల్లలు పది నుంచి ఇరవై మధ్య అంకెలను అమెరికా పిల్లలకన్నా తేలిగ్గా నేర్చుకుంటారని 1990లలో అధ్యయనాలు చూపాయి. తెలుగులో పదకొండు, పన్నెండు, పంతొమ్మిది లాంటివి కాస్త మెలిక పెడతాయి, నిజమే. అయినా ఇంగ్లిష్‌కన్నా దారి సుగమమే.

ఇంకొకటి, ‘ఏసి’. ముగ్గురికి రెండేసి ఇడ్లీలు. నలుగురికి మూడేసి జంతికలు. ఈ ‘ఏసి’లో గుణకారం ఉంది. ‘తలా ఒకటి’, ‘చెరి సగం’, ‘చెరో రెండు’లో భాగహారం ఉంది. ఎక్కాలు రాని పిల్లలు కూడా ‘రెండేసి పెట్టు’ అంటే సరిగ్గా రెండు రెండు పెట్టుకుంటూ పోతారు.

మూడు ఇడ్లీలు అంటాం కానీ మూడు మనుషులు అనం. ముగ్గురు అంటాం. ఇంగ్లిష్‌లో మాత్రమే లెక్కపెట్టే పిల్లలు ‘నాలుగు అత్తలు వచ్చారు’ అంటే నవ్వి ఊరుకుంటాం. వడ్డించేటప్పుడు ‘ఐదుగురున్నాం, ఐదు గారెలు’ అని రెండూ కలిపి వినిపిస్తే ఆ తేడా తనంతట తానే పడుతుంది.

కొలతల మాటలైతే చెప్పనక్కర్లేదు. చిటికెడు ఉప్పు, చెంచాడు నెయ్యి, గరిటెడు పప్పు, గుప్పెడు పల్లీలు, దోసెడు బియ్యం. అన్నీ చేతికి, గరిటెకు అంటిపెట్టుకున్న కొలతలే. ఏది పెద్దది, ఏది చిన్నదని వరస పెట్టించండి. మీ గుప్పెడూ వాళ్ల గుప్పెడూ ఒకటి కాదని వాళ్లే కనిపెడతారు. అప్పుడు గ్లాసుతో ఎందుకు కొలుస్తామో చెప్పవచ్చు. మా నాయనమ్మ తవ్వతో బియ్యం కొలుస్తూ ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, తర్వాత ‘రెండు, మూడు’ అనేది. ధాన్యం కొలిచేచోట చాలా ఊళ్లలో ఇదే అలవాటు. అంకెకు ఇంకో పేరు కూడా ఉండొచ్చని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

ఒలవడం, చెరగడం, జల్లించడం: మాటల సంగతి

భాష విషయంలో నామవాచకాల మీదే మన దృష్టంతా. ఫ్లాష్‌కార్డు చూపించి ‘ఇదేంటి? టమాటా’ అనిపిస్తాం. వంటింటి అసలు సంపద క్రియల్లో ఉంది. వెల్లుల్లి ఒలుస్తాం, కొబ్బరి తురుముతాం, బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం, పప్పు నానబెడతాం, అల్లం దంచుతాం, పచ్చడి రుబ్బుతాం, గంజి వారుస్తాం, టీ వడకడతాం. ఒక్కోదానికి చేతి కదలిక వేరు. చేస్తూ వింటే మాట మరచిపోరు. మిక్సీ వచ్చాక ‘గ్రైండ్ చేయడం’ ఒక్కటే మిగిలింది కానీ, కనీసం వెల్లుల్లి ఒలవడం, శనక్కాయలు ఒలవడం, బఠాణీ ఒలవడం మూడేళ్ల పిల్లలు కూడా చేయగలరు.

అక్షరాలు రాకముందే అక్షరాల శబ్దం పట్టుకోవడం చదువుకు పునాది. పప్పు, ఉప్పు, నిప్పు. అట్టు, గుట్టు, పట్టు. ‘పప్పులాగే వినిపించే ఇంకో మాట చెప్పు’ అంటే ఆట. ‘చ’తో మొదలయ్యే తిండి ఏముందంటే చపాతీ, చట్నీ, చక్కెర పొంగలి. పలక మీద ‘ప’ దిద్దించేముందు ఇది జరిగితే, దిద్దేటప్పుడు ఆ గీతకు ఒక శబ్దం తోడవుతుంది.

ఇడ్లీ పిండి కథ రెండు రోజులు సాగుతుంది. పొద్దున నానబెట్టాం, సాయంత్రం రుబ్బాం, రాత్రంతా పులిసింది, తెల్లారి పొంగింది. ముందు, తర్వాత, ఆ తర్వాత. ‘నిన్న ఏం చేశామో అమ్మమ్మకు ఫోన్‌లో చెప్పు’ అంటే వరస తప్పకుండా నాలుగు వాక్యాలు కూర్చాలి. ఏ కథల పుస్తకమూ అంత బాగా ఈ పని చేయించదు.

ఇంటి యాస గురించి ఒక మాట. అదే దుంపను కొన్ని జిల్లాల్లో చిలగడదుంప అంటారు, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో చాలాచోట్ల మొరంగడ్డ, కందగడ్డ అంటారు. పల్లీలు, వేరుశనగలు, శెనక్కాయలు ఒకటే. పిల్లలు ఇంట్లో విన్న మాట చెబితే ‘అలా కాదు, ఇలా అనాలి’ అని దిద్దితే రెండోసారి నోరు విప్పరు. ‘మీ ఇంట్లో అలా అంటారా? మా ఇంట్లో ఇలా అంటాం’ అంటే ఒకటికి రెండు మాటలు వస్తాయి. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు ఇంటి భాషతోనే చదువు మొదలుకావాలని చెబుతోంది.

ఇదంతా అంగన్‌వాడీ చేయాల్సిన పనేనా?

అవును. అంగన్‌వాడీ అంటే గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటని మనలో చాలామంది అనుకుంటాం. 1975 అక్టోబర్ 2న సమీకృత శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందులో భాగం. ఆహారం ముందుకొచ్చి, చదువు వెనక్కి వెళ్లింది.

ఆహారానికి చట్టం అండ ఉంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉదయం అల్పాహారం, వేడివేడి భోజనం అందాలి. ఇది దానం కాదు, హక్కు. అవసరమూ తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఆకలితో ఉన్న పిల్లలకు ఏ లెక్కా ఎక్కదు.

చదువును మళ్లీ ముందుకు తేవడానికి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 మే 10న ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ ప్రారంభించింది. పోషణతో పాటు చదువు కూడా అని అర్థం. రోజుకు కనీసం రెండు గంటల పూర్వ ప్రాథమిక విద్య అందాలన్నది లక్ష్యం. 2024 మార్చిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ‘ఆధారశిల’ పేరుతో పాఠ్యప్రణాళిక, పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ‘నవచేతన’ పేరుతో మార్గదర్శకాలు వచ్చాయి. రెండూ ఆటలతో, చుట్టూ ఉన్న వస్తువులతో నేర్పాలనే చెబుతాయి.

ఇక అంగన్‌వాడీ భోజన సమయం గురించి ఆలోచించండి. గిన్నెలు, గుడ్లు, గింజలు, పిల్లలు, అన్నీ ఒకేచోట. ‘ఇవాళ ఎంతమంది వచ్చారు? ఎన్ని గుడ్లు ఉడకబెట్టాలి?’ అని ఆయా పిల్లల్నే అడిగితే పాఠం మొదలైనట్టే. గుడ్డును సగం కోస్తే రెండు ముక్కలు సమానమా కాదా అని పదిమంది కళ్లు చూస్తుంటాయి. దీనికి విడిగా సమయం కేటాయించాల్సిన పనిలేదు, సామాన్లకు ఖర్చూ లేదు.

మరి ఎందుకు జరగడం లేదు? టీచర్ల తప్పని తేల్చేయడం తేలిక. రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఒక్కో దాంట్లో ఒక టీచర్, ఒక ఆయా. కొన్నిచోట్ల ఆ ఇద్దరూ ఉండరు. బరువులు తూచడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం, రిజిస్టర్లు, సర్వేలు అన్నీ ఆ టీచర్ మీదే. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గానిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ చేసిన పెద్ద అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అంగన్‌వాడీ కేంద్రాల్లో పిల్లల చదువు కోసమే సగం రోజు పనిచేసే ఇంకొక కార్యకర్తను నియమించి చూశారు. బోధన సమయం రెట్టింపైంది. లెక్కలు, భాషల్లో పిల్లలు మెరుగుపడ్డారు. ఉన్న కార్యకర్తకు పోషణ పనులకు తీరిక దొరకడంతో పిల్లల్లో పోషకాహార లోపం కూడా తగ్గింది. పాఠ్యప్రణాళిక పుస్తకాలు ఎన్ని అచ్చువేసినా, ఇంకో జత చేతులు ఇవ్వకపోతే రెండు గంటల లక్ష్యం కాగితం మీదే మిగులుతుందని నా అభిప్రాయం.

వంటింటి లెక్కతోనే బడి లెక్కలు వచ్చేస్తాయా?

రావు. ఈ విషయంపై రాసేవాళ్లు ఎక్కువగా దాటేసే భాగం ఇదే.

2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఢిల్లీలోని ప్రథమ్ సంస్థ ప్రీస్కూళ్లలో జరిగింది. నాలుగు నెలల పాటు పిల్లలతో సంఖ్యల, ఆకారాల ఆటలు ఆడించారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చే సహజ నైపుణ్యం పెరిగి, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతి లెక్కల్లో ఆ పిల్లలకు అదనపు లాభం కనిపించలేదు.

2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లలు కిలో ఇంత, ముప్పావు కిలో ఎంత, చిల్లర ఎంత అని నోటితో చకచకా చెప్పేశారు. అదే స్థాయి లెక్కను బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. మార్కెట్లో పనిచేయని బడి పిల్లలది దీనికి తిరగబడ్డ కథ. కాగితం మీద చేసేశారు, మార్కెట్ లెక్క దగ్గర ఆగిపోయారు. ఒకచోట నేర్చింది ఇంకోచోటికి దానంతటదే నడిచి రాలేదు.

కాబట్టి మధ్యలో వంతెన మనమే వేయాలి. గుడ్ల అట్టలో ఏడు గింజలు వేశాక పక్కనే ‘7’ రాసి పెట్టండి. కుక్కర్ కూతకొక గీత గీయించండి, మూడు గీతల కింద ‘3’ రాయండి. కూరగాయల చీటీ మీరు రాస్తూ ‘టమాటా 1 కిలో, బీరకాయలు 4’ అని పైకి చదవండి. పక్కన బీరకాయ బొమ్మ వాళ్లను గీయమనండి. సంతలో ఆ చీటీ వాళ్ల చేతికివ్వండి. పాల ప్యాకెట్ మీద ‘500’ ఎక్కడుందో వెతికించండి. వస్తువు, నోటిమాట, రాసిన గుర్తు మూడూ ఒకేచోట కలవాలి. వర్క్‌షీట్ మీద నాకేం కోపం లేదు. గింజలతో చేసిన తర్వాత అదే వర్క్‌షీట్ ఇస్తే దానికీ అర్థం ఉంటుంది.

చేసేముందు చూసుకోవాల్సినవి

మూడేళ్లలోపు పిల్లల చేతికి శనగలు, బఠాణీలు, పల్లీలు, చింతగింజలు ఇవ్వకండి. నోట్లోనో ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వాళ్లకు చెంచాలు, గిన్నెలు, బంగాళదుంపల్లాంటి పెద్ద వస్తువులు చాలు. మూడేళ్లు దాటినవాళ్లు చేస్తున్నా పక్కనే ఉండాలి. పొయ్యి, కుక్కర్, కత్తి, మిక్సీ దగ్గర పిల్లల పని చూడటం, వినడం మాత్రమే.

తిండితో ఆటలేమిటని ఇంట్లో పెద్దలు కోప్పడతారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. లెక్కపెట్టిన బియ్యం కడిగి వండేయండి, ఒలిచిన బఠాణీ కూరలో వేయండి. రంగులద్ది పారేసే క్రాఫ్టులకు పప్పులు వాడాల్సిన పనిలేదు. పిల్లలు తినేటప్పుడు మాత్రం పరీక్షలు పెట్టకండి. ‘ఎన్ని ముద్దలు తిన్నావో లెక్కపెట్టు’ అంటూ మొదలుపెడితే తిండీ పోతుంది, లెక్కా పోతుంది.

అంగన్‌వాడీలో చేర్చాలంటే

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలను ఎవరైనా చేర్పించవచ్చు, ఫీజు లేదు. ఆదాయ పరిమితి కూడా లేదు. నగరాల్లో అద్దె గదుల్లో నడిచే కేంద్రాలు చాలా ఉన్నాయి, బోర్డు కనిపించకపోతే వార్డు సచివాలయంలోనో, ఆశా కార్యకర్తనో అడగండి. బిడ్డకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు చేసుకుంటారు. వెళ్లినప్పుడు పూర్వ ప్రాథమిక విద్య ఏ సమయంలో ఉంటుంది, ఇవాళ ఏం నేర్పుతున్నారు, తల్లిదండ్రులను పిలిచే నెలవారీ ఈసీసీఈ రోజు ఎప్పుడు అని అడగండి. టీచర్ పోస్టు ఖాళీగా ఉన్నా, భోజనం సరిగా అందకపోయినా ముందు సెక్టార్ సూపర్‌వైజర్‌కు, ఆ తర్వాత ప్రాజెక్టు అధికారి సీడీపీఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు కాపీ మీద తేదీతో సంతకం తీసుకుని దగ్గర ఉంచుకోండి.